కుందేలుకు సూది ఎవరు వేస్తారు?

కొండాపూర్‌లో ఏదైనా పెట్ క్లినిక్‌లో ఆదివారం పొద్దున్న కాసేపు కూర్చుంటే టీకాల లోకం ఎలా నడుస్తుందో అర్థమైపోతుంది. కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకున్నవాళ్ల చేతిలో ఓ చిన్న పుస్తకం ఉంటుంది. పార్వో, డిస్టెంపర్, లెప్టో, రేబీస్ అన్న పేర్లకు ఎదురుగా మందు సీసా మీంచి ఊడదీసి అతికించిన స్టిక్కర్లు, పక్కన తేదీ, సంతకం. పిల్లిని తెచ్చినవాళ్లకూ ఓ పుస్తకం ఉంటుంది, కాస్త పల్చనిది. కుందేలును ప్లాస్టిక్ బుట్టలో పెట్టి పైన చున్నీ కప్పి తెచ్చినవాళ్లకు మాత్రం ఏ పుస్తకమూ ఉండదు.

"సార్, దీనికి వ్యాక్సిన్ ఎప్పుడు వేయించాలి?"

"కుందేళ్లకు మన దగ్గర వ్యాక్సిన్ ఏం లేదమ్మా. గోళ్లు బాగా పెరిగాయి, కత్తిరించి ఇస్తాను."

"అదేంటి సార్, ఫీనిక్స్‌లో మా అక్కావాళ్ల కుందేలుకు రెండు డోసులు వేశారే!"

సైబరాబాద్‌లో ఇలాంటి సంభాషణ వింత కాదు. ఇక్కడ ప్రతి రెండో ఇంటికీ అరిజోనాలోనో టెక్సస్‌లోనో ఓ అక్కో బావో ఉంటారు. అక్కడి పెంపుడు జంతువుల కబుర్లు వాట్సాప్‌లో రాత్రికి రాత్రే ఇక్కడికి చేరతాయి. డాక్టరు చెప్పిందీ నిజమే, అక్క చెప్పిందీ నిజమే. ఒకే జాతి కుందేలుకు ఫీనిక్స్‌లో ఉన్న సూది కొండాపూర్‌లో ఎందుకు లేదన్నదే ఈ అధ్యాయం. జవాబులో వైరస్ పాత్ర సగమే. మిగతా సగం మనుషులు కుందేలును ఏ ఖాతాలో రాసుకున్నారన్న దాని మీద ఆధారపడి ఉంది.

ముందు ఫీనిక్స్ సంగతి. 2020 మార్చిలో న్యూ మెక్సికోలో కుందేళ్లు ఉన్నట్టుండి చచ్చిపోవడం మొదలైంది. పెంపుడువే కాదు, ఎడారి పొదల్లో తిరిగే అడవి కుందేళ్లూ గుట్టలుగా పడిపోయాయి. కొన్ని వారాల్లో ఆ జబ్బు అరిజోనా, టెక్సస్, కాలిఫోర్నియా దాకా పాకింది. మనుషులంతా కోవిడ్ భయంతో తలుపులేసుకున్న రోజులవి. కుందేళ్ల లోకంలో ఇంకో మహమ్మారి నడుస్తోందని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అప్పటికి అమెరికాలో దీనికి లైసెన్సున్న టీకా లేదు. పశువైద్యులు ప్రత్యేక అనుమతులు తీసుకుని ఐరోపా నుంచి తెప్పించుకోవలసి వచ్చింది. 2021 అక్టోబరులో సౌత్ డకోటాకు చెందిన మెడ్‌జీన్ అనే సంస్థ టీకాకు అమెరికా వ్యవసాయ శాఖ అత్యవసర అనుమతి ఇచ్చింది. మూడు వారాల ఎడంతో రెండు డోసులు, ఆ తర్వాత ఏటా ఒకటి. అక్కగారి కుందేలు వేయించుకున్నవి ఇవే.

ఆ జబ్బు పేరు రాబిట్ హెమరేజిక్ డిసీజ్, పొట్టిగా ఆర్‌హెచ్‌డీ. దీనికంటే పాతది ఇంకొకటుంది: మిక్సోమటోసిస్. పెంపుడు కుందేళ్ల టీకా అంటే ప్రపంచమంతటా ఈ రెండింటి గురించే.

మిక్సోమటోసిస్ కథ దక్షిణ అమెరికాలో మొదలవుతుంది. 1896లో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో జిసెప్పే సనరెల్లి అనే ఇటలీ శాస్త్రవేత్త ప్రయోగశాల కోసం ఐరోపా కుందేళ్లను పెంచుతున్నాడు. అవి కనురెప్పలు ఉబ్బి, ఒంటినిండా గడ్డలు లేచి ఒక్కటీ మిగలకుండా చచ్చిపోయాయి. ఆ వైరస్ అక్కడి అడవి కుందేళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. వాటికి చర్మం మీద ఓ చిన్న కణితి లేచి పోతుంది, అంతే. ఐరోపా నుంచి ఓడల్లో దిగిన కుందేలుకు ఆ పరిచయం లేదు. మనం ఇళ్లలో పెంచుకునే తెల్లవీ మచ్చలవీ చెవులు వేలాడేవీ అన్నీ ఆ ఐరోపా కుందేలు సంతతే. అందుకే కొండాపూర్ బాల్కనీలో ఉన్న కుందేలుకు మాంటెవీడియోతో పని పడింది.

ఇది మశూచి కుటుంబపు వైరస్. దోమ కుట్టినప్పుడు దాని సూదిమూతికి అంటుకుని, తర్వాత కుట్టిన కుందేలు చర్మంలోకి దిగుతుంది. మలేరియా క్రిమిలా దోమ కడుపులో పెరగదు, మూతి మీద ప్రయాణం చేస్తుందంతే. గోమార్లు కూడా ఇదే పని చేస్తాయి. జబ్బు సోకిన కుందేలుకు మొదట కళ్లు చీము పట్టి మూసుకుపోతాయి. ముఖం, చెవుల మొదళ్లు, మర్మావయవాలు వాచిపోతాయి. మేత కనపడక, ఊపిరి ఆడక, సుమారు రెండు వారాల లోపు పోతుంది.

ఈ బాధ చూసి ఎవరికైనా జాలి కలగాలి. ఆస్ట్రేలియా ప్రభుత్వానికి మాత్రం ఆశ కలిగింది. అక్కడ 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి రెండు డజన్ల కుందేళ్లను తెప్పించుకున్నాడు. తొంభై ఏళ్లలో అవి అరవై కోట్లయ్యాయని అంచనా. గొర్రెలకు గడ్డి మిగల్లేదు. 1950లో ముర్రే నది లోయలో మిక్సోమా వైరస్‌ను కావాలనే వదిలారు. దోమల కాలం రాగానే అది దావానలంలా పాకింది. సోకిన ప్రతి వందలో తొంభై తొమ్మిదికి పైగా చచ్చాయి.

సరిగ్గా అప్పుడే ఆ ప్రాంతంలో మనుషులకు మెదడువాపు వచ్చింది. కుందేళ్ల వైరసే మనుషులకు అంటుకుందని జనం భయపడ్డారు. ఆ భయం పోగొట్టడానికి 1951లో మాక్‌ఫర్లేన్ బర్నెట్, ఫ్రాంక్ ఫెన్నర్, ఇయాన్ క్లూనిస్ రాస్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు మిక్సోమా వైరస్‌ను తమ ఒంట్లోకే ఎక్కించుకున్నారు. వాళ్లకు ఏమీ కాలేదు. మెదడువాపు వేరే వైరస్ పని అని తేలింది. వాళ్లలో బర్నెట్‌కు 1960లో నోబెల్ బహుమతి వచ్చింది. ఫెన్నర్ మనుషుల మశూచి భూమ్మీద లేకుండా పోయిందని నిర్ధారించిన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. కుందేలు మశూచిని ఎక్కించుకున్న చేయే మనిషి మశూచికి మరణపత్రం రాసింది.

ఫెన్నర్ ఆ తర్వాత చేసిన పరిశీలన పాఠ్యపుస్తకాలకెక్కింది. కొన్నేళ్లకే వైరస్ మెత్తబడింది. రోజుల్లోనే చంపేసే రకానికి దోమలు కుట్టడానికి తగినంత వ్యవధి దొరకదు. కుందేలును నాలుగు వారాలు ఈడ్చి చంపే రకం ఎక్కువ దోమలకు అంటుకుంటుంది, అదే నిలిచింది. కుందేళ్లలోనూ తట్టుకోగలిగినవే పిల్లల్ని పెట్టాయి. వైరస్, జంతువు ఒకదాన్నొకటి మలుచుకోవడాన్ని మనిషి కళ్లారా చూసిన అరుదైన సందర్భం ఇది. కోవిడ్ రోజుల్లో 'వైరస్ మెల్లగా దానంతటదే మెత్తబడుతుంది' అని ధీమాగా చెప్పినవాళ్ల వెనక ఈ కుందేళ్ల కథే ఉంది. కానీ కథలో ఇంకో భాగం ఉంది: కుందేళ్ల తట్టుకునే శక్తి పెరిగాక వైరస్ మళ్లీ పదునెక్కింది. ఆ భాగం ఎవరూ చెప్పరు.

ఫ్రాన్స్‌లో 1952లో పాల్-ఫెలిక్స్ అర్మాన్-డెలీల్ అనే విశ్రాంత వైద్యుడు తన ఎస్టేటులో కుందేళ్ల బెడద పడలేక రెండింటికి వైరస్ ఎక్కించి వదిలాడు. చుట్టూ గోడ ఉంది కదా, బయటికి పోదనుకున్నాడు. మరుసటేడాదికి అది ఇంగ్లిష్ చానల్ దాటి బ్రిటన్ చేరింది. వేటగాళ్లు కేసు పెడితే కోర్టు ఆయనకు జరిమానా వేసింది. ఆ తర్వాత రైతులు, అడవుల పెంపకందారుల తరఫున పతకం కూడా అందుకున్నాడు. ఒకే పనికి శిక్షా సన్మానమూ రెండూ దక్కాయంటే, కుందేలు ఎవరికి ఏమవుతుందన్న ప్రశ్న ఎంత చిక్కుదో చూడండి.

రెండో జబ్బు ఆర్‌హెచ్‌డీ దారి వేరు. 1984లో చైనాలోని జియాంగ్సు రాష్ట్రంలో, జర్మనీ నుంచి తెచ్చిన అంగోరా ఉన్ని కుందేళ్ల మందలో మొదట కనబడింది. రెండేళ్లలో ఇటలీ, ఆపైన ఐరోపా అంతటా. ఇది కాలిసీవైరస్ కుటుంబానిది. దీనికి దోమ ఉండాలన్న నియమం లేదు. ఈగ చాలు, చెప్పు చాలు, గడ్డి చాలు. పొడిగుడ్డ మీద మామూలు గది వేడిమిలో మూడు నెలలకు పైగా బతికి ఉన్నట్టు ప్రయోగాల్లో తేలింది. ఫ్రీజర్‌లో పెట్టినా చావదు.

దీన్ని దగ్గరగా చూసిన పశువైద్యులు ఒకే మాట చెబుతారు: జబ్బు కనబడదు, శవం కనబడుతుంది. సాయంత్రం కొత్తిమీర కాడ నములుతూ ఉన్న కుందేలు తెల్లారేసరికి ఒక పక్కకు వాలి, కాళ్లు చాపి, తల వెనక్కి విరిచి పడి ఉంటుంది. కొన్నిటికి ముక్కు దగ్గర నురగతో కూడిన రక్తపు చుక్క. కోసి చూస్తే కాలేయం పాలిపోయి, సులువుగా చిట్లిపోయేలా, వలలాంటి గీతలతో ఉంటుంది. వైరస్ కాలేయ కణాలను మూకుమ్మడిగా చంపేస్తే రక్తం గడ్డకట్టే యంత్రాంగం కుప్పకూలుతుంది. చిన్న నాళాల్లో ఎక్కడికక్కడ గడ్డలు కట్టి, గడ్డకట్టే సరుకంతా ఖర్చయిపోయి, చివరికి లోపల ఎక్కడబడితే అక్కడ రక్తం కారుతుంది. జ్వరం మొదలయ్యాక పన్నెండు నుంచి ముప్పై ఆరు గంటలు, అంతే సంగతులు.

ఆస్ట్రేలియా దీన్నీ ఆయుధంగా వాడుకోవాలని వార్డాంగ్ దీవిలో పరీక్షలు చేస్తుండగా, 1995 అక్టోబరులో అది కంచె దాటి ప్రధాన భూభాగానికి చేరింది. గాలికి కొట్టుకొచ్చిన ఈగలే మోసుకొచ్చాయని ఎక్కువమంది నమ్మకం. న్యూజిలాండ్ ప్రభుత్వం 1997లో 'మేం వదలం' అని తీర్మానించింది. రెండు నెలలు తిరక్కుండానే రైతులు దొంగతనంగా తెప్పించుకుని, చచ్చిన కుందేళ్ల కాలేయాలను వంటింటి మిక్సీల్లో రుబ్బి పొలాల్లో చల్లారు. జీవ ఆయుధం తయారుచేయడానికి మిక్సీ సరిపోతుందని ఆ దేశానికి అప్పుడు తెలిసింది.

2010లో ఫ్రాన్స్‌లో ఈ వైరస్ రెండో రకం బయటపడింది. మొదటి రకం నెల, నెలన్నర లోపు పిల్లల్ని చంపేది కాదు. రెండోది పసివాటినీ వదలదు. పాత టీకా దీన్ని సరిగా ఆపలేదు. పైగా ఇది కుందేళ్ల హద్దు దాటి ఐరోపా చెవులపిల్లులకూ సోకింది. పదేళ్లలో ఆఫ్రికా, అమెరికాలు తిరిగి 2020లో చైనాలోనూ, అదే ఏడాది సెప్టెంబరులో సింగపూర్ ఫ్లాట్లలోని పెంపుడు కుందేళ్లలోనూ తేలింది. సింగపూర్ సంగతి మనకు ముఖ్యం. అక్కడ పొలాలు లేవు, అడవి కుందేళ్ల మందలు లేవు. ఎత్తయిన అపార్టుమెంట్లు, బాల్కనీలు, ఆన్‌లైన్‌లో తెప్పించే గడ్డి. అంటే కొండాపూరే.

ఇక టీకాల సంగతి. ఆర్‌హెచ్‌డీ వైరస్‌తో ఓ చిక్కుంది. మిగతా వైరస్‌లను గాజుపాత్రల్లోని కణాల్లో పెంచి టీకా చేస్తారు. ఇది చాలాకాలం పాటు ఏ కణాల్లోనూ పెరగనంది, బతికున్న కుందేలు కాలేయంలో తప్ప. అందుకని తొలి టీకాలు ఎలా చేశారంటే, కొన్ని కుందేళ్లకు జబ్బు తెప్పించి, చచ్చాక కాలేయం తీసి, నూరి, వైరస్‌ను ఫార్మాలిన్ లాంటి రసాయనంతో చంపి సూదిమందు చేశారు. ఒక కుందేలు కాలేయం నుంచి వేల డోసులు వస్తాయి. లెక్క బాగానే ఉంది. అయినా పెంపుడు కుందేలును ప్రాణంగా చూసుకునేవాళ్లకు ఈ సంగతి చెబితే ముఖం మాడుతుంది. ఐరోపాలో ఇప్పటికీ ఈ పద్ధతి టీకాలు వాడుకలో ఉన్నాయి.

మెడ్‌జీన్ వాళ్లది వేరే దారి. వైరస్ పైతొడుగు అంతా వీపీ60 అనే ఒకే ప్రొటీన్‌తో కట్టి ఉంటుంది. ఆ ప్రొటీన్ జన్యువు ఒక్కదాన్ని పురుగులకు సోకే బాకులోవైరస్‌లో పెట్టి, పురుగు కణాల్లోకి పంపితే అవి ఆ ప్రొటీన్‌ను కుప్పలుగా తయారుచేస్తాయి. తయారైన ముక్కలు వాటంతట అవే ఒకదానికొకటి అతుక్కుని వైరస్ ఆకారంలో గుండ్రంగా కూర్చుంటాయి. లోపల జన్యుపదార్థం ఉండదు. పప్పు లేని వేరుసెనగ లొట్టకాయ లాంటిది, చూడ్డానికి కాయే గానీ మొలకెత్తదు. కుందేలు శరీరం మాత్రం దాన్ని నిజమైన శత్రువనుకుని సైన్యాన్ని సిద్ధం చేసుకుంటుంది. ఈ పద్ధతిలో చాలాచోట్ల వాడే కణాలు మన మొక్కజొన్న రైతులకు బాగా తెలిసిన పురుగువే. 2018లో దేశంలోకి వచ్చి తెలంగాణ మొక్కజొన్న చేలను జల్లెడ చేసిన కత్తెర పురుగు కణాల్లోనే పుణెలో కొవోవాక్స్ అనే కోవిడ్ టీకా ప్రొటీన్ తయారైంది.

మూడో దారి అన్నిటికంటే తెలివైనది. బ్రిటన్, ఐరోపాల్లో 2011లో అనుమతి పొందిన నోబివాక్ టీకాలో బలహీనపరిచిన మిక్సోమా వైరస్‌కే ఆర్‌హెచ్‌డీ పైతొడుగు జన్యువును తగిలించారు. ఒకే సూదితో రెండు జబ్బులకూ రక్షణ. 2019లో రెండో రకం ఆర్‌హెచ్‌డీని కూడా కలిపిన రూపానికి అనుమతి వచ్చింది. అయిదు వారాల వయసులో ఒకటి, ఆపైన ఏడాదికొకటి. మాంటెవీడియోలో సనరెల్లి కుందేళ్లను చంపిన వైరస్, నూట పదిహేనేళ్ల తర్వాత బ్రిటన్ పిల్లల కుందేళ్లకు కాపలాకాస్తోంది.

ఈ ఆలోచనకు ఓ స్పెయిన్ మెట్టు కూడా ఉంది. స్పెయిన్‌లో కుందేలు చీడ కాదు, అడవికి ఆధారం. ఐబీరియన్ లింక్స్ అనే అరుదైన అడవి పిల్లి దాదాపు కుందేళ్ల మీదే బతుకుతుంది. కుందేళ్లు పోతే అదీ పోతుంది. అడవి కుందేళ్లను ఒక్కొక్కదాన్నీ పట్టి సూది వేయడం అయ్యే పనా? అందుకని స్పెయిన్ శాస్త్రవేత్తలు ఒక కుందేలు నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే టీకా వైరస్‌ను తయారుచేసి, మెనోర్కా పక్కనున్న ఓ చిన్న దీవిలో పరీక్షించారు. కొంత పాకింది కూడా. బయటికి వదలడానికి మాత్రం అనుమతి రాలేదు. నాకు ఇది న్యాయమే అనిపిస్తుంది, ఎందుకంటే ఒకచోట వదిలింది ఇంకోచోట ఆగదని వార్డాంగ్, ఫ్రాన్స్ ఎస్టేటు రెండూ చెప్పాయి. పైగా స్పెయిన్ వదిలిన రక్షణ ఆస్ట్రేలియా చేరితే వాళ్ల ఆయుధం మొద్దుబారుతుంది. ఆస్ట్రేలియా ఇప్పటికీ తన పౌరుల పెంపుడు కుందేళ్లకు మిక్సోమటోసిస్ టీకాను అనుమతించదు. బలహీనపరిచిన వైరస్ అడవి కుందేళ్లకు పాకి వాటికి రోగనిరోధకశక్తి ఇచ్చేస్తుందని వాళ్ల భయం. సిడ్నీలో ఉన్న మన తెలుగువాళ్ల కుందేలు దోమతెర కింద పడుకోవలసిందే.

అంటే టీకా ఎక్కడుంది, ఎక్కడ లేదు అన్నది ఆ దేశం కుందేలును ఏ ఖాతాలో రాసుకుందో దాని మీద నడుస్తోంది. బ్రిటన్‌లో పిల్లల నేస్తం. స్పెయిన్‌లో లింక్స్ ఆహారం. ఆస్ట్రేలియాలో చీడ. మరి మన దగ్గర?

మన దేశంలో అడవిలో ఐరోపా కుందేలు లేదు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ పొదల్లో సాయంత్రం పూట చటుక్కున దూకి పోయేది చెవులపిల్లి. అది వేరే ప్రజాతి, వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నది. ఇళ్లలో ఉన్నవి ముర్గీచౌక్ బోనుల నుంచో ఆన్‌లైన్ ప్రకటనల నుంచో వచ్చినవి. మాంసానికీ ఉన్నికీ పెంచేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. పశుగణనలో కుందేళ్లకూ ఓ గడి ఉంది. కానీ టీకా కంపెనీని కదిలించే సంఖ్య ఆ గడిలో లేదు. 2019లో కేంద్రం పశువుల గాలికుంటు, బ్రూసెల్లా జబ్బుల నివారణకు ₹13,343 కోట్లతో పథకం పెట్టింది. అంత పెద్ద కొనుగోలుదారు ఉంటే టీకా తనంతట తానే పుడుతుంది.

ఆ టీకాలు పుట్టే చోటు మాత్రం కొండాపూర్‌కు కొన్ని కిలోమీటర్ల దూరంలోనే ఉంది. గచ్చిబౌలిలో రక్షాపురం అని పేరు పెట్టుకున్న ఆవరణలో ఇండియన్ ఇమ్యునాలజికల్స్ ఉంది. గాలికుంటు టీకాను రైతుకు అందుబాటు ధరలో ఇవ్వడానికి జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ 1980ల మొదట్లో స్థాపించింది. శాంతినగర్‌లో రాష్ట్ర ప్రభుత్వపు పశు జీవ ఔషధ పరిశోధన సంస్థ గొర్రెలకూ మేకలకూ కోళ్లకూ టీకాలు చేస్తోంది. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ ఉండనే ఉంది. కుందేలు టీకా చేయడానికి కావలసిన విద్య ఈ ఊళ్లో ఉంది. అడిగేవాళ్లే లేరు.

ఇందులో నాకు నచ్చని సంగతి ఇంకోటుంది. టీకాల శాస్త్రం కుందేలుకు బాగా బాకీపడి ఉంది. 1885లో పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఇచ్చిన రేబీస్ టీకా, ఆరబెట్టిన కుందేళ్ల వెన్నుపాముతో చేసిందే. ఆపైన దశాబ్దాలపాటు సూదిమందుల్లో జ్వరం తెప్పించే మలినాలున్నాయా అని చూడటానికి మూడు కుందేళ్ల చెవి నరంలోకి మందు ఎక్కించి, గంటల తరబడి వాటి వేడిని కొలవడమే పద్ధతి. ఇప్పుడు దానికి బదులు గాజుసీసా పరీక్షలు వచ్చాయి, ఐరోపా ఫార్మకోపియా ఈ పరీక్షను తొలగించాలని నిర్ణయించింది కూడా. మనకు వేసే సూదిని చెవి నరంలో పరీక్షించిన జంతువుకు తన సూది లేకపోవడం అన్యాయమే.

ఇంతకీ కొండాపూర్ కుందేలుకు ఇవాళ ప్రమాదం ఎంత? నిజాయితీగా చెప్పాలంటే, అది ఆర్‌హెచ్‌డీతో పోయే అవకాశం కంటే ఇంటివాళ్ల తెలియనితనంతో పోయే అవకాశం చాలా ఎక్కువ. డాక్టరు 'ఏం లేదమ్మా' అన్నప్పుడు ఆ మాటలో సగం ఇదే. కుందేలు పేగు ఆగకుండా నడవాలి. పన్నెండు గంటలు మేత ముట్టకపోయినా, మాత్రల్లాంటి పెంటికలు వేయకపోయినా అది ఎమర్జెన్సీ. ఉదయం చూద్దాంలే అనుకుంటే ఉదయానికి ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో మన బాల్కనీల వేడి దానికి ప్రాణాంతకం. ముప్పై డిగ్రీలు దాటితేనే అది రొప్పడం మొదలుపెడుతుంది, మన దగ్గర నలభై మామూలు. చెమట పట్టదు, చెవుల నుంచే వేడిని బయటికి పంపాలి. సంత నుంచి తెచ్చిన పిల్లలు కాక్సిడియా పరాన్నజీవితో విరేచనాలు పట్టి పోతాయి.

దీనికంటే ఘోరం, ఇంట్లో ఉన్న మందులు. పిల్లలకు దగ్గొస్తే వేసే అమాక్సిసిలిన్ సిరప్‌ను కుందేలు నోట్లో పోస్తే పేగులోని మంచి బ్యాక్టీరియా చచ్చి, విషం చేసే క్లాస్ట్రీడియం పెరిగి, రెండు మూడు రోజుల్లో ప్రాణం తీస్తుంది. గోమార్లని కుక్కకు వేసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకు వేస్తే మూర్ఛలొస్తాయి. టీకా ఎక్కడ దొరుకుతుందని వెతికే శ్రద్ధలో నాలుగో వంతు ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోవడానికి వాడినా ఈ ఊళ్లో చాలా కుందేళ్లు బతుకుతాయి.

కుక్క టీకాలో కొంత కుందేలుకూ వేయమని అడిగేవాళ్లున్నారు. పార్వో, డిస్టెంపర్ కుందేలుకు రావు, ఆ సూది దానికి దండగ. కుందేలు కరిచింది, రేబీస్ సూది వేయించుకోవాలా అని అడిగేవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట: కుందేలు కాటుకు ఆ చికిత్స దాదాపు ఎప్పుడూ అవసరపడదు. కుక్క కరిచిన కుందేలు సంగతి వేరు, అప్పుడు డాక్టరుకు చూపించాలి.

వైరస్ రాదని ధీమాగా ఉండమని కాదు. లంపీ చర్మవ్యాధి 2019 దాకా మన దేశంలో లేదు. ఆ ఏడాది ఒడిశాలో కనబడింది. 2022లో గుజరాత్, రాజస్థాన్ ఆవులను ఊడ్చేసింది. అది కూడా మిక్సోమా లాగే మశూచి కుటుంబానిదే, దోమలూ ఈగలూ మోసేదే. టీకా లేకపోతే బంధువు టీకా వాడారు, మేక మశూచి టీకాను ఆవులకు వేశారు. కుందేళ్లకూ ఒకప్పుడు ఇదే చేశారు. 1932లో రిచర్డ్ షోప్ అమెరికా అడవి కుందేళ్లలో కనిపెట్టిన ఫైబ్రోమా వైరస్‌ను బ్రిటన్‌లో మిక్సోమటోసిస్‌కు టీకాగా వాడారు. ఆవు మశూచితో మనిషి మశూచిని ఆపిన జెన్నర్ ఉపాయం ఇదే.

టీకా లేనంతకాలం చేయగలిగింది ఇల్లు కాపాడుకోవడం. కొత్తగా తెచ్చిన కుందేలును పాతదానితో కలపకుండా కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి. బాల్కనీకి దోమల జాలీ కొట్టించాలి. కొండాపూర్‌లో ఇది మన కోసం కూడా కావలసిందే. వేరే కుందేళ్లను ముట్టుకుని వస్తే చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. విదేశాల నుంచి తెప్పించిన గడ్డి ఏ ప్రాంతానిదో అడిగి తెలుసుకోవాలి, అంతకంటే మన జొన్న చొప్పో ఓట్ గడ్డో నయం. బోను కడగడానికి మామూలు ఫినాయిల్ మీద ఆధారపడవద్దు. పదికి ఒక వంతు బ్లీచ్ కలిపిన నీళ్లతో తుడిచి, పది నిమిషాలు ఆగి, కడిగి, ఎండబెట్టాలి.

ఒకటి మాత్రం తప్పకుండా చేయాలి. బాగున్న కుందేలు రాత్రికి రాత్రి చచ్చిపోతే, ఒకే ఇంట్లో రెండు వరసగా పోతే, ఎక్కడో ఖాళీ స్థలంలో పూడ్చేసి ఊరుకోకండి. మిక్సోమటోసిస్, ఆర్‌హెచ్‌డీ రెండూ 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం జాబితాలో ఉన్నాయి. అనుమానం వస్తే అధికారులకు తెలియజేయాలని ఆ చట్టం చెబుతోంది. శవాన్ని రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఫ్రీజర్‌లో కాకుండా మామూలు ఫ్రిజ్ చల్లదనంలో లేదా ఐసు మధ్య ఉంచి, అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లి పోస్ట్‌మార్టం చేయమనండి. గడ్డకట్టిన శవంలో కణజాలం పాడై సూక్ష్మదర్శినికి పనికిరాదు. కాలేయం ముక్క ఫార్మాలిన్‌లో ఒకటి, చల్లగా ఉంచింది ఒకటి తీయమనండి. ఇలాంటి బయటి దేశాల జబ్బులను తేల్చే ప్రయోగశాల భోపాల్‌లో ఉంది, నమూనా అక్కడికి వెళ్లేది ప్రభుత్వ పశువైద్యుల ద్వారానే. రక్షాపురంలో ఎవరైనా కుందేలు టీకా గురించి ఆలోచించడం మొదలుపెట్టాలంటే ముందు అలాంటి ఒక్క కాలేయం రిపోర్టు వాళ్ల బల్ల మీదికి చేరాలి.